బూడిద రంగు రాష్ట్రాలు

కౌంటీ జైలు, న్యూజెర్సీ
అక్టోబరు 9

అన్నయ్యా,

కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. నీ మేనకోడలు మార్లా నీకు ఫోను చేస్తే, "ఎవరు? మాకేం వద్దు!" అని పెట్టేశావట. ముప్ఫై ఏళ్ళు చెవుల పక్కన తుపాకులు పేల్చుకున్న మనిషికి ఫోను చేసి లాభం లేదు, నేనే ఉత్తరం రాస్తానని దానికి చెప్పాను.

నేను జైల్లో ఉన్నాను. అయిదు రోజులైంది. మార్లా ప్రసవానికి బయల్దేరాను కదా. పెన్సిల్వేనియా అంతా దాటాను, నది మీద వంతెన దాటి న్యూజెర్సీలోకి వచ్చాను, ఇంకో గంటలో దాని ఇంట్లో ఉంటాననగా వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయి. కుర్రాడు, మర్యాదస్తుడు. "మీ వెనక లైటు ఒకటి వెలగడం లేదండీ" అన్నాడు. నేను నువ్వు నేర్పినట్టే చేశాను. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాను. అతను అడగకముందే చెప్పాను: "ఆఫీసర్, నాకు తుపాకి పెట్టుకునే పర్మిట్టుంది. తుపాకి నా పర్సులో ఉంది. ఏం చెయ్యమంటారో చెప్పండి." నీ తుపాకి పర్మిట్టు క్లాసులో మా అందరిచేతా బడిపిల్లల్లా వల్లె వేయించావే, ఆ మాటలే. "చెప్పినందుకు థాంక్సండీ" అన్నాడు. నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి అనుకున్నాను కూడా.

కార్డు పట్టుకుని తన కారు దగ్గరికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి అతని మొహం మారిపోయింది. "ఇది ఒహాయో పర్మిట్టు కదండీ. ఇక్కడ చెల్లదు."

"అయ్యో, అలాగా! వంతెన అక్కడే కదా బాబూ, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతాను."

అతను తల దించుకున్నాడు. "మీరు చెప్పకపోతే నేను చూసేవాణ్ణే కాదు" అన్నాడు. నా తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి తన కారు ఎక్కించాడు. అతని మీద నాకు కోపం లేదు.

నాకు పెట్టిన లాయరు ఫెల్డర్ అని ఒకావిడ. నేరం రుజువైతే కనీసం మూడున్నరేళ్ళు లోపల ఉండాలట. జడ్జికి జాలేసినా తగ్గించే వీల్లేదట. పుట్టినరోజుకి నువ్విచ్చిన తూటాలున్నాయే, కొన దగ్గర గుంట ఉన్నవి, అవి ఇక్కడ నిషేధమట, వాటికి వేరే కేసు. అన్నయ్యా, నాకు యాభై తొమ్మిది. మా ఆయన రాయ్ పోయాక ఆ రోడ్డు చివర ఇంట్లో ఒక్కదానివే ఉంటున్నావు అని తుపాకి కొనిపెట్టింది నువ్వు. నీ మాట తీసెయ్యలేక పర్సులో వేసుకున్నాను. ఇన్నేళ్ళలో నీ షూటింగు రేంజిలో తప్ప ఎక్కడా బయటికి తియ్యలేదు.

నీకు చట్టం కంఠతా వచ్చు. ఏదో దారి ఉండే ఉంటుంది. లాయరమ్మకి రాయి. ఒక మాట, ఇక్కడ ఉత్తరం అసలు కాగితం మన చేతికివ్వరు. మత్తుమందు పూసి పంపుతారని భయమట, నలుపు తెలుపు జెరాక్స్ తీసి అది ఇచ్చి, అసలుది చింపేస్తారు. అందుకని కవర్లో ఇంకేమీ పెట్టకు.

పర్ల్‌ని వంటింట్లో పడుకోనివ్వు. ముసలి కుక్క, చలికి తట్టుకోలేదు.

నీ వెర్నా


మిల్ ఫోర్క్, ఒహాయో
అక్టోబరు 15

వెర్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే కోపం ఇంకా పెరుగుతుందని మడిచి పెట్టాను.

నేను క్లాసులో గొంతు చించుకునేది ఎవరికోసం? ఒహాయో ఇచ్చిన పర్మిట్టు ఒహాయోది. పక్క రాష్ట్రం దాన్ని గౌరవిస్తేనే అక్కడ చెల్లుతుంది. పెన్సిల్వేనియా గౌరవిస్తుంది. న్యూజెర్సీ ఎవరి పర్మిట్టునీ గౌరవించదు, దాని మీద దేవుడు సంతకం పెట్టినా సరే. గోడ మీద మ్యాపు కర్రతో చూపించి మరీ చెబుతాను. ఆకుపచ్చ అయితే వెళ్ళు, ఎరుపైతే ఆగు. రోడ్డు మీద సిగ్నలు తెలిసిన ఎవరికైనా తెలిసే సంగతి. అదే మ్యాపు ఇంటికి పట్టుకెళ్ళమని మనిషికొకటి చేతికిస్తాను. నువ్వెప్పుడు విన్నావు గనక? నా క్లాసంటే నీకు కాఫీలూ శాండ్‌విచ్‌లూ పంచే పండగ.

దారి ఉందేమో వెతికాను. తుపాకితో రాష్ట్రాలు దాటి వెళ్ళేవాళ్ళని కేంద్ర చట్టం ఒకటి కాపాడుతుంది. ఎప్పుడు? తూటాలు తీసేసి, పెట్టెలో పెట్టి తాళం వేసి, చేతికి అందనంత వెనక పెడితే. నువ్వు నింపిన తుపాకిని పర్సులో లిప్‌స్టిక్ పక్కన పెట్టుకున్నావు. పైగా నువ్వు న్యూజెర్సీ దాటి పోవడం లేదు, న్యూజెర్సీకే వెళ్తున్నావు. ఆ దారి మూసుకుపోయింది.

పదిహేడేళ్ళుగా పాఠం చెబుతున్నాను. సొంత చెల్లెలే ఇలా చేస్తే ఊళ్ళో నాకు తలెత్తుకునే మొహం ఉందా?

లాయరుకి ఏం రాయాలో తెలియడం లేదు. ఇలా ఎప్పుడూ జరగలేదు నాకు.

పర్ల్ నా మంచం కింద ఉంటోంది. రేంజిలో చప్పుడైతే వణుకుతుంది. దానికి భయం, నాకు చెవుడు, ఇద్దరం ఒకరికొకరం సరిపోయాం.

ఆర్విల్


కౌంటీ జైలు, న్యూజెర్సీ
అక్టోబరు 23

అన్నయ్యా,

తాతవయ్యావు! మగపిల్లాడు. మార్లా వాడికి తన నాన్న పేరే పెట్టింది, రాయ్ అని. పాదానికి నీలం సిరా పూసి కాగితం మీద అద్ది పంపింది. నా చేతికొచ్చేసరికి అది కూడా నకలే, బొగ్గు మరకలా ఉంది. అయినా అయిదు వేళ్ళూ లెక్క సరిపోయాయి. గోడకి అంటించనివ్వరు, దిండు కింద పెట్టుకున్నాను.

నువ్వన్నది నిజమే. నేను వినలేదు. ఆ రోజు కాఫీ మిషను కారుతుంటే దాని చుట్టూ గుడ్డలు కట్టుకుంటూ కూర్చున్నాను. తప్పు నాది. నిన్ను ఊళ్ళో ఎవరైనా ఏమైనా అంటే, మా చెల్లెలు మొదటినుంచీ మొద్దే అని చెప్పు, నాకేం నొప్పి లేదు. ఒక రాష్ట్రం నన్ను గౌరవించలేదని జైలుకొస్తానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

లాయరమ్మ వచ్చింది. పోలీసులు నా పర్సులో దొరికిన సామాను జాబితా చదివింది. దువ్వెన, పర్మిట్టు, దగ్గు బిళ్ళలు, మడత కాగితం ఒకటి. "ఈ కాగితం ఏమిటండీ?" అంది. "మా వదిన పీచ్ పళ్ళతో 'పై' ఎలా వండేదో రాసుకున్నానండీ, కూతురికి చేసిపెడదామని" అన్నాను. సరేనని పక్కన పెట్టేసింది.

ఇంక క్లాసు సంగతి, మ్యాపు సంగతి నువ్వు రాయకు, నేనూ రాయను. పర్ల్ మందు నల్ల సీసాలో ఉంది, జున్ను ముక్కలో పెట్టి ఇవ్వు, ఊరికే ఇస్తే ఉమ్మేస్తుంది.

వెర్నా


మిల్ ఫోర్క్
నవంబరు 11

చెల్లీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

శనివారం ఫైర్ స్టేషను హాల్లో క్లాసు. పద్నాలుగు మంది. గోడ మీద మ్యాపు చూపించి, మీ చేతిలో ఉన్నదీ ఇదే, ఆకుపచ్చ అయితే వెళ్ళండి, ఎరుపైతే ఆగండి అన్నాను. వెనక వరసలో ఒక నర్సు చెయ్యెత్తింది. "సార్, నా కాగితంలో ఎరుపేదో తెలియడం లేదండీ."

"కళ్ళద్దాలు పెట్టుకోమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి లేచి వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది. "మీరు పెట్టుకుని చూడండి సార్" అంది.

చూశాను. వెర్నా, అందులో ఎరుపు లేదు, ఆకుపచ్చ లేదు. అంతా బూడిద. పెన్సిల్వేనియా బూడిద, న్యూజెర్సీ బూడిద, రెండింటికీ మధ్య వెంట్రుకంత గీత. నా రంగుల ప్రింటరు పాడైనప్పటి నుంచీ విత్తనాల కొట్టులో జెరాక్స్ తీయిస్తున్నాను. అది నలుపు తెలుపు మిషను. ఆరేళ్ళైంది. మ్యాపు నాకు కంఠతా వచ్చు కాబట్టి చేతికిచ్చే కాగితం వైపు ఒక్కసారైనా చూడలేదు. నువ్వు పర్మిట్టు తీసుకున్నది నాలుగేళ్ళ కిందట.

నీకిచ్చింది ఆ కాగితమే. నీ చేతిలో అది పెట్టింది నేను. పైగా నిన్ను తిట్టాను.

క్లాసు అక్కడితో ఆపేశాను. అందరి దగ్గరా కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చి పర్ల్ ముందు ముసలాడు ఏడ్చినట్టు ఏడ్చాను. నేను అక్కడికి వస్తున్నాను. జడ్జికి నేనే చెబుతాను, తప్పు ఈవిడది కాదు నాది అని. నువ్వు అడ్డు చెప్పకు.

ఆర్విల్


మార్లా ఇల్లు, న్యూజెర్సీ
నవంబరు 20

అన్నయ్యా,

విచారణ అయ్యేదాకా రాష్ట్రం దాటకూడదన్న షరతు మీద నన్ను ఇంటికి పంపారు. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే వాడినే అను.

నీ ఉత్తరం ఇక్కడికే పంపారు. నాకు తెలుసు అన్నయ్యా. మొదటి రోజు నుంచీ తెలుసు.

వదిన పీచ్ వంటకం రాసుకున్నది ఆ కాగితం వెనకే. ముందు వైపున నీ మ్యాపు. నది దాటకముందు పెట్రోలు పోయించుకుంటూ దాన్ని తీసి చూశాను. నువ్వు చెప్పింది గుర్తులేదు కాబట్టే చూశాను. పెన్సిల్వేనియాలో చెల్లుతుందని తెలుసు. న్యూజెర్సీ కూడా అదే రంగులో ఉంది. అయితే ఇక్కడా చెల్లుతుందనుకుని మడిచి పర్సులో పెట్టుకున్నాను. అంతే జరిగింది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీకున్నదల్లా ఆ క్లాసే. వదిన పోయాక వారమంతా శనివారం కోసం చొక్కా ఇస్త్రీ చేసుకునే మనిషివి. నేను మొద్దునని నువ్వు తిడితే పడగలను. నువ్వు నిన్ను తిట్టుకుంటే చూడలేను.

నీ ఉత్తరం లాయరమ్మకి చూపించాను. చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ అన్నయ్య మంచాయనండీ. కానీ ఇది మనకి పనికిరాదు."

"ఎందుకు పనికిరాదండీ? కాగితంలో అలా ఉంది కదా!"

"మీకు తెలుసా తెలీదా అని ఈ చట్టం అడగదండీ. తుపాకి మీ దగ్గరుందా, ఇక్కడి పర్మిట్టుందా, ఈ రెండే దానికి కావాలి."

"మరి నేనే కదండీ చెప్పింది? చెప్పకపోతే చూసేవాణ్ణి కాదని అతనే అన్నాడు."

"అది మీ మంచితనం. రాసుకోవడానికి చట్టంలో దానికి గడి లేదు" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నేనే ఓదార్చాను.

మిగిలింది ఒక్కటే. ప్రాసిక్యూటరు తలుచుకుంటే కనీస శిక్ష వద్దని జడ్జిని అడగవచ్చట. ఆయన దయ తలచాలి. నువ్వు రావద్దు. వచ్చి ఏం చేస్తావు, నన్ను చూసి ఏడుస్తావు, నిన్ను చూసి నేనేడుస్తాను, వాడు నిద్ర లేస్తాడు.

వెర్నా


మిల్ ఫోర్క్
జనవరి 18

చెల్లీ,

ప్రాసిక్యూటరుకి ఏడు పేజీలు రాశాను. బూడిద మ్యాపు ఒకటి, గోడ మీది రంగుల మ్యాపు ఫొటో ఒకటి జత చేశాను. మూడు లైన్ల జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, ఫైలులో చేర్చాము, కృతజ్ఞతలు. ఇంకోటి రాశాను. అవే మూడు లైన్లు, తేదీ ఒక్కటే మారింది.

మన షెరీఫు దగ్గరికి వెళ్ళి నా మీద కేసు పెట్టమన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. "ఏమని పెట్టమంటావు ఆర్విల్? రంగు లేని జెరాక్స్ తీశావనా?" అన్నాడు.

"అవును, అలాగే రాయి."

"అలాంటి చట్టం లేదయ్యా. ఇంటికెళ్ళు."

చూశావా వెర్నా? నేను తప్పు చేస్తే పట్టుకునే చట్టం ఏ రాష్ట్రంలోనూ లేదు. నువ్వు నిజం చెబితే పట్టుకునే చట్టం ఉంది. పదిహేడేళ్ళు నేను నెత్తిన పెట్టుకుని ఊరేగించింది దీన్నా అనిపిస్తోంది. అడగకముందే చెప్పండి అని నేర్పాను, అది ఒహాయో చట్టం. వంతెనకి ఇవతల చెప్పకపోతే తప్పు, అవతల చెప్తే జైలు. నాకు వేరే పాఠం రాదు.

క్లాసు మానేశాను. రోజూ చేతులు ముడుచుకుని కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. పర్ల్ వచ్చి కాళ్ళ మీద పడుకుంటోంది.

ఆర్విల్


మార్లా ఇల్లు
మార్చి 6

అన్నయ్యా,

ప్రాసిక్యూటరు కాదన్నాడు. ఈమధ్య ఎవరో ఎక్కడో ఏదో చేశారట, ఇప్పుడు ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారట.

విచారణకి వెళ్ళి ఓడిపోతే పదేళ్ళ దాకా వెయ్యవచ్చట. ఒప్పుకుంటే అయిదేళ్ళు వేసి మూడున్నరకి వదులుతారట. ఒప్పుకుంటానని సంతకం పెట్టాను. రాయ్‌కి నిన్న కింది పన్ను కనబడింది. నేను తిరిగి వచ్చేసరికి వాడు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతాడు, నేనెవరో వాడికి ఎవరో చెప్పాలి.

నన్ను పంపే జైల్లోనూ ఉత్తరాలు నలుపు తెలుపు నకళ్ళేనట. రంగు ఫొటోలు పంపి డబ్బు పాడు చేసుకోకని మార్లాతో చెప్పాను.

నువ్వు మాత్రం రావద్దు. తొమ్మిది గంటల ప్రయాణం, నీ కళ్ళతో నువ్వు నడపలేవు.

వెర్నా


మిల్ ఫోర్క్
ఏప్రిల్ 14

చెల్లీ,

వచ్చాను. శిక్ష వేసే రోజు నువ్వు నన్ను కోర్టులో చూశావు కూడా. ఆఖరి వరసలో కూర్చున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని. చెవి మిషనుకి కొత్త బ్యాటరీలు వేసుకున్నాను. అయినా ఏమీ వినబడలేదు. జడ్జి తల వంచుకుని కాగితం చూస్తూ చదివాడు, పెదవులు చూసి పోల్చుకుందామంటే అదీ లేదు. అందరూ లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. నీ వీపు ఒక్కటే కనబడింది, కర్రలా నిటారుగా. మధ్యలో నువ్వు ఏదో అన్నావు. జడ్జి అప్పుడు తలెత్తాడు. ఏమన్నావు? మార్లాని అడిగితే ఏడుస్తోంది, చెప్పడం లేదు.

ఒక పని మొదలుపెట్టాను. పాత రిజిస్టర్లు తీసి, ఆ ఆరేళ్ళలో నా దగ్గర కాగితం తీసుకున్న ప్రతి ఒక్కరి చిరునామా రాసుకున్నాను. రంగు పెన్సిళ్ళు కొన్నాను. మ్యాపులకి నా చేత్తోనే రంగు వేస్తున్నాను, ఏ మిషనునీ నమ్మను. రోజుకి నాలుగు అవుతున్నాయి. మొదటిది నీకు ఈ కవర్లోనే పెట్టాను. జాగ్రత్తగా చూడు. ఎరుపు ఎరుపులాగే ఉందా, ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉందా, తప్పు ఎక్కడైనా ఉందా చెప్పు. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. నువ్వు చూసి సరేనన్నాకే మిగతావాళ్ళకి పంపుతాను.

నీ అన్నయ్య


మహిళల జైలు, న్యూజెర్సీ
మే 2

అన్నయ్యా,

నీ ఉత్తరం, మ్యాపు నిన్న నా చేతికిచ్చారు. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూశాను.

కోర్టులో నేనన్నది పెద్ద మాటేమీ కాదు. ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగాడు. "అడగకముందే చెప్పేశానండీ, ఇంకేం లేదు" అన్నాను.

ఇక్కడ వంటింట్లో పని ఇచ్చారు. డబ్బాలో పీచ్‌లు వస్తాయి, వదిన చూస్తే బయటికి విసిరేసేది. మార్లా నెలకొకసారి పిల్లాణ్ణి తెస్తానంది. పర్ల్‌కి నా దుప్పటి వెయ్యి, వాసన పోయిందేమో చూడు.

మ్యాపు చాలా బాగుంది అన్నయ్యా. ఎరుపు ఎరుపులాగే ఉంది, ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉంది. ఎక్కడా తప్పు లేదు. అందరికీ పంపు.

ఒక్కటి మాత్రం చెయ్యి. రంగు వేసి ఊరుకోకు. చెల్లని రాష్ట్రం మీద "వద్దు" అని అక్షరాల్లో కూడా రాయి. కాగితం ఎవరి చేతికి ఎలా చేరుతుందో మనకి తెలియదు. న్యూజెర్సీ చిన్నది, లోపల పట్టకపోతే పక్కన సముద్రంలో రాయి. అక్కడంతా ఖాళీయే.

నీ వెర్నా